నూట ఇరవై

సగం ధరకే ఇస్తానన్నాడు గ్వాయకిల్ నావికుడు,
గోనెసంచిలోంచి రౌటర్ తీసి బల్ల మీద పెట్టి.
ఎలియోదోరా దాన్ని బోర్లించింది,
బొటనవేలితో జిడ్డు తుడిచి
పొట్ట మీది రేకు చదివింది:
నూట ఇరవై.

మా చిలోయే గోడల్లో పారేది రెండువందల ఇరవై.
దోసెడు నీళ్లడిగిన నోట్లోకి
గండి కొట్టి ఏరు వదలడమే.

"ప్లగ్గు మారిస్తే సరి" అన్నాడు.
చెవిపోగు మారిస్తే చెవుడు పోతుందా?
ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, నిజమే,
ఇరవై కిలోల ఇనుపదిమ్మ.
చర్చి గంటగోపురం దాకా, ఈ వానలో,
నిచ్చెన మీద మోసేది నేను.

అప్పుడామె ఏప్రన్ జేబులోంచి
గురువు వదిలిపోయిన పాత బిట్టు తీసింది.
పావు అంగుళం కాడ.
రౌటర్ నోట్లో పెట్టి బిగించింది.
అచ్చంగా సరిపోయింది.
కాసేపు అలాగే పట్టుకుని,
వదులు చేసి, తీసేసి,
సంచి మూతి తనే కట్టి ఇచ్చింది.

ప్వెర్తో మోంత్ నుంచి కొత్తది గురువారం వచ్చింది,
రెండువందల ఇరవై, యాభై హెర్ట్జ్.
మీట నొక్కగానే సైప్రస్ పొట్టు నా కనుబొమల దాకా.
దాని నోరు ఎనిమిది మిల్లీమీటర్లు;
పాత బిట్టు అందులో
చిక్కిన వేలికి ఉంగరంలా ఆడింది.

ఇప్పుడది మా కిటికీకి గడియ.
సముద్రపు గాలి ఎంత తోసినా
ఊడదు.