నేపథ్యం, మూడో ప్రతి

"గరాటులా ఉండాలమ్మా నేపథ్యం" అన్నారు సుభద్ర మేడం,
ఎర్ర పెన్ను మూత పళ్ళతో లాగుతూ.
"పైన ప్రపంచం. దాని కింద దేశం. దాని కింద తీరం.
చిట్టచివర సన్నటి కొనలో మన ప్రశ్న.
నువ్వేమో కొనలోంచి మొదలుపెట్టావు.
అసలు మొదటి వాక్యంలో ఈ ఎల్లాజీ ఎవరు?"

గనగళ్ళ ఎల్లాజీ, యాభై రెండేళ్ళు,
పద్దెనిమిదో ఏటి నుంచి బోటు ఇంజను డ్రైవరు.
చెప్పలేదు.
"కొట్టేస్తాను మేడం" అని
కేజీహెచ్ వాలు దిగి వచ్చేశాను.

రాత్రి హాస్టలు గదిలో ప్రపంచం నుంచి రాశాను.
ప్రపంచంలో ఇన్ని కోట్ల మందికి వినికిడి లోపం. పక్కన ఒకటి.
రొద చేసే కార్ఖానాల్లో ఇంతమందికి. రెండు, మూడు.
ఎక్కడో చలి సముద్రం మీద, ఉన్ని టోపీలు పైకి జరిపి
ఎవరివో చెవులు ఎవరో కొలిచారు. నాలుగు.
ఐదు దొరకలేదు.
కిటికీ ఊచల తుప్పు వేలికి అంటుకుంది.
అవుటర్ హార్బరులో ఓడ కూసింది,
దానికి ఐదు వేద్దామనిపించింది.

వేట నిషేధం అరవై ఒక్క రోజులు.
డ్రైవర్లు నేల మీద దొరికేది అప్పుడే.
బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుంటాయి,
కొత్త రంగు వాసన, ఎండుచేపల వాసన,
ఐసు ఫ్యాక్టరీ వెనక గోదాములో
గోడలకి దుప్పట్లు కట్టి
నిశ్శబ్దం లాంటిదొకటి తయారు చేసుకున్నాం.
"చప్పుడు వినబడితే చెయ్యెత్తు బాబాయ్" అన్నాను.
ఎల్లాజీ ఎత్తిన చెయ్యి దించలేదు.
నేనింకా మీట నొక్కనే లేదు.

"ఇంజనమ్మా" అన్నాడు.
"బోటు గట్టునుంది.
ఇంజను నా కాడే ఉండిపోనాది."

దీనికో పేరుంది పుస్తకాల్లో, పొడిగా, రొట్టెముక్కలా.
రాసుకున్నాను.

వాళ్ళావిడ బండమ్మ తట్ట దించి గుమ్మంలో కూచుంది.
"సెవుడని రాయకమ్మా. సెవుడు కాదు, డ్రైవరు.
మా ఈదిలో ఎవుడు అరిస్తే ఆడు డ్రైవరు.
మా మావా అంతే, ఆళ్ళన్నా అంతే.
పెల్లయిన కొత్తలో కొడతాడేమో అనుకునీదాన్ని,
మంచినీల్లడిగినా అలగే అరిసీవోడు."

ఈ వాక్యానికి మూలం చూపాలి.
రచయిత, సంవత్సరం, ప్రచురణ స్థలం:
బండమ్మ. పెళ్ళయిన కొత్తలో. జాలారిపేట.

మేడం ఒప్పుకోరు. సరే.
కొనకి వచ్చాను:
"ఈ తీరంలో ఈ విషయమై తగినన్ని అధ్యయనాలు జరగలేదు."
అందరూ రాసే వాక్యమే. మా సీనియరు కిడ్నీ రాళ్ళ గురించి రాశాడు,
వాడి సీనియరు ఇంకేదో గురించి.
ఎవరూ అడగలేదని దానర్థం,
ముప్పై నాలుగేళ్ళుగా ఆయన అరిచి మరీ చెబుతున్నా.
ఆ ముక్క రాసి, చెరిపి, మళ్ళీ రాసి,
మేడం పెన్ను గుర్తొచ్చి చెరిపాను.

జూన్ పద్నాలుగు, అర్ధరాత్రితో నిషేధం సరి.
అంగీకార పత్రంలో ఒక సంతకం తప్పిపోయింది,
మూడో ప్రతి సంచీలో పెట్టుకుని జెట్టీకి వెళ్ళాను.
మంచు దిమ్మెలు జారుతున్నాయి. డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
ఎల్లాజీ తగరపు గరాటు పెట్టి
డీజిలు పోస్తున్నాడు, చుక్క ఒలక్కుండా.

సంతకం పెట్టి, కాగితాల కేసి గడ్డం ఎగరేశాడు.
ఏముంది అందులో అని.
అప్పుడే పక్క బోటు ఇంజను అందుకుంది,
దాని పక్కది, దాని పక్కది.
చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టి
నా మీదికి వంగాడు.

"పేరు రాయకూడదంట! పదిహేడో నంబరు నువ్వే బాబాయ్!"
"ఏటీ?"
"పదిహేడు! నువ్వే!"
"ఏటమ్మా?"

జెట్టీ మీద జనం తిరిగి చూశారు,
మేమేదో తగవు పడుతున్నామని.