ఖాళీకి కాపలా

జనవరి. లారెన్స్‌లో నది మీద మంచు పలక.
ఎలాడియో మంగలి షాపు అద్దాలకి చెమట.
కుర్చీలు మూడు, ఒకటి విరిగింది,
అందులో పాత కేలండర్ల కట్ట కూర్చుంది.
బేస్‌బాల్ మొదలవడానికి ఇంకా పది వారాలు.
ఆట లేనప్పుడే వీళ్లు గట్టిగా ఆడతారు.

రోజూ ఒకటే గొడవ:
షార్ట్‌స్టాప్‌ని ఇచ్చేయాలా, ఉంచుకోవాలా.

రదామెస్ లాంటిగ్వా. ముప్పై రెండేళ్లు.
ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లు.
బదులుగా పడమటి జట్టు ఇస్తానంటున్నది
ఇద్దరు కుర్ర పిచర్లని,
ఇద్దరికీ కలిపి లాంటిగ్వా కన్నా పదేళ్లే ఎక్కువ.

"ఇచ్చేయాలి" అన్నాడు కార్మైన్ టెడెస్కో,
"ధర పలుకుతుండగానే ఇచ్చేయాలి.
వచ్చే ఏడు ఆ మోకాలికి చిల్లిగవ్వ రాదు.
ముందొచ్చిన చెవులకన్నా
వెనకొచ్చిన కొమ్ములే వాడి."

ఎలాడియో బ్లేడు మారుస్తూ అన్నాడు:
"మొలవనీ, చూద్దాం.
ఇప్పటికైతే అవి కొమ్ములు కావు, మొటిమలు."

నా మొహం నిండా సబ్బు నురగ.
నేను బస్సు నడుపుతాను, రెండు గంటలకి డ్యూటీ,
వీళ్ల మాటలు తెగితే తప్ప నా గడ్డం తెగదు.

కాలేజీ కుర్రాడు డెల్విన్ ఫోన్లో గీతలు చూపించాడు.
ఎడమవైపు బంతికి అతను చేరే దూరం
మూడేళ్లలో అడుగున్నర తగ్గిందట.
అడుగున్నర అంటే ఎంతో చేతులు చాపి చూపించాడు.
అందరం ఆ చేతుల మధ్యకి చూశాం.
ఏమీ లేదు అక్కడ. చాలాసేపు చూశాం.

ఉత్తరాల సంచీ భుజాన్నుంచి దించకుండానే
నోరీన్ షీహీ అందుకుంది:
"నా స్కోరు పుస్తకంలో షార్ట్‌స్టాప్ అంకె ఆరు.
పదకొండేళ్లుగా రాస్తున్నాను
ఆరు, నాలుగు, మూడు.
ఇద్దరు అవుట్.
దీపం ఆరినంత చప్పుడు కూడా ఉండదు.
ఒకటో బేస్ వాడికి బేస్ ఉంది,
రెండో వాడికుంది, మూడో వాడికుంది.
ఇతనికేముంది నిలబడ్డానికి?
ఖాళీకి కాపలా."

"ఖాళీకి కాపలా కాయడానికి
ఏడాదికి రెండు కోట్ల డాలర్లా?"
అన్నాడు కార్మైన్. నోరీన్ కూడా నవ్వింది.
నవ్వితే నురగ నా నోట్లోకి పోయింది.

అప్పుడు ఎలాడియో, ఊరికే అడిగినట్టు,
"షూ ఫ్యాక్టరీలో ఎన్నేళ్లు చేశావు నువ్వు?"

"ఇరవై ఆరు."

"నువ్వే మానేశావా?"

హీటర్ ఒకసారి దగ్గి ఆగింది.
కార్మైన్ టోపీ తీసి లోపలి పట్టీ చూసుకున్నాడు,
అక్కడేదో రాసున్నట్టు.

"నన్ను తీసి ఇద్దర్ని పెట్టారు.
ఇద్దరి జీతం కలిపినా నా జీతం కన్నా తక్కువ.
లెక్క సరైందే.
బూట్లు బాగానే కుట్టారు వాళ్లు.
నేనూ ఒక జత కొన్నాను."

టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

"అయినా సరే, ఇచ్చేయాల్సిందే."

ఎవరూ ఎదురు చెప్పలేదు.
డెల్విన్ ఫోన్ జేబులో వేసుకున్నాడు.
నోరీన్ కరెంటు బిల్లు బల్ల మీద పెట్టి వెళ్లింది.
నా మెడ దగ్గర కత్తి
ఇంత మెల్లగా ఎప్పుడూ నడవలేదు.

సాయంత్రం, బస్సులో నలుగురే.
పిల్లల మైదానం పక్కన ఎర్ర లైటు పడింది.
మంచు కింద బేసులు లేవు, గీతలు లేవు,
ఎవరి చోటు ఎక్కడో తెలియదు.
రెండుకీ మూడుకీ మధ్య అనుకున్న చోట
ఒక కుక్క అడుగులు, అటునుంచి ఇటు.
వెనక ఎవరో హారన్ కొట్టారు.

మిల్లు స్టాపులో కార్మైన్ ఎక్కాడు.
కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ.
"రేడియోలో ఏమైనా చెప్పారా?"

లేదన్నాను.

"చెప్పినా నువ్వు నాతో అనకు.
రేపు షాపుకి వస్తాను.
అందరిలో వింటాను."