ఇరవై మూడు

ఫిబ్రవరి వచ్చిందంటే మా బడి కిటికీలు మూసే ఉంటాయి.
మిర్చి యార్డు వైపు గాలి తిరిగితే చాలు,
ఎక్కాలకన్నా ముందు తుమ్ములు మొదలు.
అందుకే మీరావలి మాస్కుతో వచ్చిన రోజు
ఎవరూ వింతగా చూడలేదు.
టోపీ తీశాకే చూశారు.
సాపు జుట్టు పోయి ఉంగరాల జుట్టు వచ్చింది వాడికి,
ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు.

ఏడాదిన్నర.
మూడు నెలలు గైర్హాజరు వేశాను.
నాలుగో నెల స్కేలు పెట్టి
ఎర్ర సిరాతో పేరు కొట్టేశాను.
రూలు అది.
గీత మాత్రం చాలా తిన్నగా వచ్చింది.

నేను లెక్కల మాస్టర్ని,
పాతికేళ్లుగా వేగాన్నే తెలివి అనుకుంటున్నవాణ్ణి.
ప్రశ్న ఇంకా నా నోట్లో ఉండగానే చెయ్యెత్తేవాడు వీడు.
వీణ్ణి చూపించి మిగతావాళ్లని తిట్టేవాణ్ణి.

ఇప్పుడు ఏడెనిమిదులెంతరా అంటే
పైకప్పు వైపు చూస్తాడు.
పెదాలు కదుల్తాయి. ఏడార్లు నలభై రెండు దాకా వచ్చి
మెట్టు విరిగినచోట నిలబడ్డట్టు నిలబడతాడు.
వేళ్ల కొసలు ఇంకా మొద్దుబారే ఉన్నాయట,
పెన్సిలు జారి రెండు బెంచీల అవతల పడుతుంది.
వెన్నులోకి ఎక్కించిన మందు
జబ్బును వెతుక్కుంటూ వెళ్లి
దారిలో ఏ ఎక్కాన్ని తొక్కిందో.
"బుర్రకేం కాలేదన్నారండీ, నిదానం, అంతే"
అంటుంది వాళ్లమ్మ సైదాబీ.
నిదానానికి నా దగ్గర మార్కుల్లేవు.

ఒకరోజు తీసివేతలు.
లక్షన్నరలోంచి పద్దెనిమిది వేలు పోతే?
క్లాసంతా నోటుపుస్తకాల మీదికి వంగింది.
మాస్కులోంచి వచ్చింది మాట:
"లక్షా ముప్ఫై రెండు వేలు సార్."
ఎలా చెప్పావురా?
"ప్లేట్‌లెట్లు సార్. లక్షన్నర ఉండాల.
నాకు పద్దెనిమిది వేలే ఉండాయి.
ఇంకా ఎన్ని కావాల్రా అని అమ్మ రోజూ అడిగేది.
అమ్మకి లెక్కలు రావు."
"అయ్యెక్కడ అమ్ముతార్రా?" అన్నాడు బాలకోటి.
అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు,
మాస్కు లోపలికీ బయటికీ ఆడింది.
నేను బోర్డు వైపు తిరిగి
తుడిచిందే మళ్లీ తుడిచాను.

అర్ధ సంవత్సర పరీక్షనాడు
గంట కొట్టడం కాస్త మర్చిపొమ్మని పిచ్చయ్యతో చెప్పాను.
పావుగంట మర్చిపోయాడు.
హెడ్మాస్టరుగారు వాచీ చూసుకుని
చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

యాభైకి ఇరవై ఒకటి.
ఐదో లెక్క సగంలో ఆగిపోయింది.
దారి సరైనదే, చివరి అంకె వెయ్యలేదు.
ముందు మూడిచ్చాను. కొట్టేసి రెండు వేశాను.
జాలితో వేసిన మార్కు
వాడు పట్టుకుంటాడు, తీసివేతల్లో ఘటికుడు.

సైదాబీ యార్డు నుంచి తిన్నగా వచ్చింది,
పొద్దుటి నుంచి తొడిమలు తీసిన చేతులతో.
ప్రోగ్రెస్ కార్డును ముంజేతుల మధ్య ఇరికించుకుని
తలకిందులుగా కాసేపు చూసింది.
ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా అంటే వెయ్యలేదు.
"ఘాటు అంటుకుంటుందండీ. వాడు కార్డు ముట్టుకుని
ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంటాడు."
కుళాయి దగ్గరికి వెళ్లింది. కడిగింది, వాసన చూసుకుంది,
మళ్లీ కడిగింది.
మూడోసారి వచ్చి వేసింది ముద్ర.
ఇరవై ఒకటి ఎక్కువా తక్కువా అని అడగలేదు.
ఇంకా ఎన్ని కావాలి అని మాత్రం
వాణ్ణే అడిగింది.

తిరిగి చేర్చుకున్నప్పుడు పేరు చివర్న రాశాను,
నలభై ఆరు.
పాత ఇరవై మూడు ఇప్పుడు నాగమల్లేశ్వరిది.
రోజూ ఇరవై మూడు అనగానే
రెండు గొంతులు లేస్తాయి, ప్రెజెంట్ సార్ అని.
"చూడండి సార్, మళ్లీ నాది చెప్పేశాడు" అంటుందా పిల్ల.
నేను దిద్దను. వరసగా చదువుకుంటూ పోతాను.

నలభై నాలుగు.
నలభై ఐదు.
నలభై ఆరు.

వాడు పైకప్పు వైపు చూస్తున్నాడు.
ఎవరో తుమ్మారు.
పెన్ను మూత తీసే ఉంది,
ఆగాను.