పాట లేని రెండు పొద్దులు

పెద్దాసుపత్రిలో పన్ను పీకిన డాక్టరు గుంటకి
నా మనవరాలి ఈడు కూడా ఉండదు.
దూదిముద్ద పెట్టి, "గట్టిగా కరుచుకో మామ్మా,
ముప్పావుగంట నోరు తెరవకు" అంది.
నన్ను!
హార్బరు గట్టు మీద ఒక్క కేకతో
పది పడవల సరుకు పాట పాడే
తెడ్డు పరదేశమ్మని.

ఉమ్మొద్దంది, మింగెయ్యమంది.
రేపటిదాకా పుక్కిలించొద్దంది.
బొండం తాగినా గొట్టంతో పీల్చొద్దంట.
గుంతలో నెత్తురు గడ్డ కడతాది, అదే మందంట,
అది కదిలిపోతే ఎముక గాలికి తేలతాదంట.
అన్నిటికీ తలూపీసినాను.
ఆఖర్న నా పెదాల కేసి చూసి
"చుట్టా?" అంది.

పెళ్లయిన ఏటి నుంచి అడ్డపొగ.
నిప్పు లోపలికి, మొన బయటికి.
సముద్రపు గాలికి ఆరిపోకుండా
నాలిక మీదే దాచుకున్న నిప్పు.
టార్చిలైటేసి అంగుడు చూసింది.
చాలాసేపు చూసింది.
కాయితం మీద ఏటో రాసి
"పది రోజులాగి మళ్లీ రా,
ఈ పన్ను కోసం కాదు" అంది.

రాత్రి రెండు తలగడల ఎత్తు.
చల్లారిన గంజి, కుడిపక్క నుంచి.
చెంపకి తువ్వాల్లో చుట్టిన ఐసుముక్క,
కానాగంతలు పడుకునే ఐసే.
"అత్తని కూడా ఐసెట్టీసినారు" అని
అల్లుడు నవ్వినాడు. నాను నవ్వకూడదు.

తెల్లారి నా బదులు అసిరితల్లి పాడింది.
కోనెం బుట్ట మూడొందలు తక్కువకి పోయింది.
గట్టున కూకుని ఏళ్లు చూపిస్తన్నాను,
నాలుగు కాదే, అయిదు, అయిదు!
గొంతు లేని ఏళ్లని ఎవుడు చూస్తాడు.

పొద్దు తిరిగొచ్చినాక
గోరెచ్చటి నీళ్లలో ఉప్పు.
నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వాల్చడమే,
లంగరేసిన పడవ ఊగినట్టు.
తరవాత నోరు తెరిచి జారనివ్వడమే.
అరవయ్యేళ్లు ఉప్పు మీదే బతికినాను,
ఉప్పుకి ఇంత నెమ్మది ఉందని
ఎవులూ చెప్పలేదు.

మూడో రాత్రి.
నాలిక పదేపదే గుంత కాడికే పోతంది.
యారాడ కొండ మీద లైటుహౌసు
ఎలుగుతంది, ఆరతంది.
అగ్గిపెట్టి పక్కింటి పొయ్యికి ఇచ్చీసినాను.
చుట్ట చూరులోనే ఉంది, అబద్ధమెందుకు.
కాయితం కొంగున ముడేసుకున్నాను.
ఇంకా ఏడు రోజులు.