మూడు గ్రాములు

వారమంతా పోస్టాఫీసులో పార్సిళ్ళు తూస్తాను.
ఇవాళ శనివారం.
త్రాసుతో పాటు నన్నూ అరువు తెచ్చుకున్నారు
దౌగవ్‌పిల్స్ వడ్రంగి బడికి.

బరి ఇంకా రంగు వాసనేస్తోంది.
బిర్చి చెక్క నడిమధ్యన మేకు దిగ్గొట్టి
మేకుకు దారం, దారానికి పెన్సిలు కట్టి
మోకాళ్ళ మీద చుట్టూ పాకుతూ
విస్వాల్దిస్ మాస్టారు గీసిన గిరి.
నలుపు మూడు పూతలు.
అంచున బొటనవేలి వెడల్పు తెలుపు.
అది దాటి కింద పడ్డవాడు ఓడినట్టు.

మల్లులు ఒక్కొక్కరే వస్తున్నారు నా ముందుకి.
సబ్బుపెట్టె అంత ఒళ్ళు,
మూతికి గడ్డం గీసుకునే బ్లేడు,
పొట్ట కింద, నేలను మాత్రమే చూసే కళ్ళు.
అరకిలో దాటకూడదు ఎవ్వరూ.

రెనాతెది ఐదువందల మూడు.

ఉత్తరమైతే చూసీ చూడనట్టు వదిలేసేదాన్ని.
పదమూడేళ్ళ పిల్ల, అంకెను కాదు
నా మొహాన్ని చూస్తోంది.
తల అడ్డంగా ఊపాను.

ఒక స్క్రూ తీసింది. ఐదువందల రెండు.
వైరు కొస కత్తిరించింది. అంకె ఉలకలేదు.
చివరికి వీపు మీది రేకు,
గోరుతో పెకలించి నా బల్ల మీద పెట్టింది.
తనే మేకుతో చెక్కిన పేరు: రూసా.
మా భాషలో తుప్పుకీ అదే మాట,
ఉరుము వినపడనంత దూరపు మెరుపుకీ అదే.

పేరు లేకుండానే దిగాడు బరిలోకి.

అయిదు సెకన్లు కదలకూడదు.
అయిదూ అయ్యాయి.
సరిగ్గా అప్పుడే కిటికీలోంచి
మార్చి నెల ఎండ, మంచు మీంచి లేచి వచ్చి
నల్లటి నేల మీద పడింది.
అంతా తెలుపే, అంతా అంచే అనుకున్నాయి రెండూ.
వెనక్కి. ఇంకా వెనక్కి.
రెజెక్నె కుర్రాడిది ఒక మూల,
రెనాతెది ఒక మూల,
గుండ్రటి బరిలో లేని మూలలు వెతుక్కుని వణికాయి.

ఎవరో నవ్వారు. తర్వాత అందరం.
మాస్టారు కోటు విప్పి కిటికీకి తగిలించాడు.
చలికి చేతులు చంకల్లో పెట్టుకుని
"మళ్ళీ" అన్నాడు.

ఈసారి కొట్టుకున్నాయి,
బ్లేడు కింద బ్లేడు దూర్చి, గీపెడుతూ.
చక్రం తొడుగు ఊడి
నా చెప్పుల దాకా దొర్లింది. ఎవరిదో చెప్పను.

సోమవారం.
పార్సిళ్ళ మధ్య, జేబులో మిగిలిపోయిన రేకు.
త్రాసులో వేశాను.
రెండు గ్రాముల పైచిలుకు.
ఇంత బరువుకి స్టాంపు ఎంతో నాకు తెలుసు.
చిరునామా
బడికి ఫోన్ చేసి అడగాలి.