మూడో గొట్టం

కరెంటు బిల్లు వెనక గీశాను మొదటి బొమ్మ.
పైన గాజు తొట్టి, కింద బల్ల అరలో సంపు,
మధ్యన మూడు నిలువు గీతలు.
మర్రిపాలెంలో రెండో అంతస్తు మాది.
మా గచ్చు కింద వరహాలమ్మగారి పూజగది.
బొమ్మలో అది గియ్యలేదు గానీ
లెక్కలన్నీ దాన్ని తల్చుకునే వేశాను.

అసిరినాయుడు బిల్లు తిరగేసి
ముందు అటువైపే చూశాడు.
"పద్దెనిమిది వందలా! సేపలు రాకముందేనా?"
తర్వాత గీతల మీద వేలు పెట్టాడు.
"ఇది దిగడానికి. ఇది ఎక్కడానికి. మరిదేటి?"
ఖాళీగా ఉండడానికి, అన్నాను.
మొదటిది పూడుకుపోతే తప్ప
దీంట్లోకి చుక్క రాకూడదు.
"మా వీధికంతటికీ ఒకటే కుళాయమ్మా,
అదీ రోజిడిసి రోజు."
కోపంగా కాదు, కొలత చెబుతున్నట్టు అని
టేపు తీశాడు.

గాజుకి కన్నం పెట్టడం
నిద్రపోతున్న పిల్లకి చెవులు కుట్టడమే.
చపాతీ పిండితో చుట్టూ గట్టు కట్టాడు,
గట్టులో గ్లాసుడు నీళ్లు పోశాడు,
డ్రిల్లుని నిమిరినట్టు ఆనించాడు.
తెల్లగా పాలు ఊరాయి.
నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.
పిలిచేసరికి అతని అరచేతిలో
చిన్న గారెంత గాజు బిళ్ళ.
"ఉంచుకోండి, దిష్టికి."

ఇనప క్లాంపులు వద్దన్నాడు.
ఉప్పుగాలికి రెండేళ్లు కూడా ఆగవట.
అంచుకి దువ్వెన పళ్లు కోశాడు,
నీళ్లు పోవాలి, చేపలు పోకూడదు.
"నీల్లెలాగూ పొర్లుతాయి.
ఎక్కడ పొర్లాలో మనం ముందే సెప్పీయాల."

మొదటి సాయంత్రం దిగే గొట్టం
గాలీ నీళ్లూ కలిపి గుటకలేసింది,
విస్తరి ముందు మజ్జిగ తాగే పెద్దాయనలా.
వాల్వు పావు చుట్టు బిగించాడు.
ఇంకాస్త. ఇంకో గోరంత.
గాలంతా పోయి, నిండుగా
చప్పుడు లేకుండా దిగింది నీరు.
అప్పుడు వినిపించాయి
రైల్వే యార్డులో గూడ్సు పెట్టెలు తగులుకోవడం,
పై వాటాలో ఎవరో దగ్గడం.

కరెంటు పోతే?
మెయిన్ దించేశాను.
పంపు ఆగింది. ఎక్కే గొట్టం మనసు మార్చుకుని
పైనీళ్లని వెనక్కి పీల్చడం మొదలెట్టింది.
సంపులో మట్టం లేస్తోంది,
లేస్తోంది,
అతను తడి గుడ్డ పట్టుకుని గొంతుక్కూచున్నాడు.
ఆ గొట్టం మెడ దగ్గర, నీటి గీతకి గోరెడు కింద
సూదితో పొడిచినంత బెజ్జం ఒకటి పెట్టి ఉంచాడు.
నీరు అక్కడికి దిగింది. బెజ్జం గాలి పీల్చింది.
ధార తెగింది.
అంచుకి నాలుగు వేళ్లు మిగిలింది.
హుద్‌హుద్‌ ఏడు చీకట్లో ఎన్నాళ్లున్నామో
ఇద్దరికీ గుర్తే.
ఆ నాలుగు వేళ్లనీ
రెండుసార్లు కొలిచాం.

టీ తాగుతూ మూడో గొట్టాన్ని వేలి కణుపుతో కొట్టాడు.
డొల్లగా పలికింది.
"మా బావ స్టీల్‌ప్లాంటు ఫైరు స్టేషన్లో
ముప్పయ్యేల్లు ఇదే ఉజ్జోగం సేసాడు.
బూట్లు తుడుసుకుని కూకునేవోడు.
అందరూ నవ్వేవోల్లం."
గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

ఆషాఢంలో ఒక రాత్రి రెండున్నరకి
హాల్లో ఎవరో బిందె బోర్లించిన హోరు.
పరిగెత్తాను. నా పాదాలు నాకన్నా ముందు
గచ్చంతా తడిమాయి.
పొడి.
తొట్టిలో నీళ్లు ఒక వేలు పైకి లేచి ఆగాయి.
మొదటి గొట్టం గొంతులో ఒక నత్త,
తనకదే ఇల్లన్నట్టు సర్దుకుని కూచుంది.
మూడోది మాత్రం ఒళ్లంతా అదురుతూ
అరుస్తూ మోస్తోంది.
నత్తని తీసి పక్కన పెట్టాక కూడా
కాసేపు టార్చి ఆర్పబుద్ధి కాలేదు.

పొద్దున్నే ఫోను చేశాను.
"డూటీ ఎక్కిందా!" అన్నాడు.
ఎక్కింది. దిగింది కూడా, అన్నాను.
కింద వరహాలమ్మగారు
గంట కొడుతున్నారు.