ఏడు

ఈ దీవిలో వానకి సెలవు లేదు.
కాస్త్రో ఆసుపత్రి రెండో అంతస్తులో
కిటికీ పక్క కుర్చీ రొసామెల్ కొలివోరోది.
ముప్పై ఏళ్లు గాలిగొట్టం నోట కరిచి
సముద్రం అడుగున ఆల్చిప్పలు ఏరిన మనిషి.
తొందరపడి పైకి తేలిన ప్రతిసారీ
కాస్త గాలి ఎముకలో ఉండిపోయింది.
ఇప్పుడు ఎడమ చెయ్యి
తల దువ్వుకోడానికి కూడా లేవదు.

నా చేతిలో ప్లాస్టిక్ పట్టీ.
సున్నా దగ్గర నవ్వుముఖం, పది దగ్గర కన్నీటి ముఖం,
మధ్యలో ఎటూ తేల్చుకోలేని ఒక నోరు.
పరిశోధన ఎక్కడో దూరదేశంలో పుట్టింది, పట్టీ కూడా.
చదవమన్నది చదివాను, ఒక్క మాటా మార్చకుండా.
మార్చకూడదని మూడో పేజీలో ఉంది.
"గడిచిన వారంలో మీ నొప్పికి ఎంత వేస్తారు?"

ఆయన పట్టీని చూడలేదు.
వానని చూశాడు.
ఏడు, అన్నాడు.
ఏడవలేదు.

గడిలో ఏడు వేసి
తర్వాతి కుర్చీ దగ్గరికి వెళ్లాను.

రాత్రి, పొయ్యి పక్కన
నర్సింగ్ రెండో ఏడాది పిల్లల కాగితాలు.
మా దేశంలో మార్కులు ఒకటి నుంచి ఏడు.
నాలుగొస్తే గట్టెక్కినట్టు.
ఏడు పైన ఆకాశం లేదు.
యస్నా మియాకురా కాగితం తీశాను.
చేతులు కడుక్కుంది: ఆరు.
పేరు చెప్పి పలకరించింది: ఏడు.
రోగి కళ్లలోకి చూసి మాట్లాడింది: రెండు.
చూడలేదు, నిజమే.
ముసలావిడ సిగ్గుపడుతోందని
తాను కిటికీ వైపు తిరిగి, తడుముకుంటూ
దుప్పటి ఆమె మోకాళ్ల మీదికి లాగింది.
దానికి గడి లేదు.
ఇలా పదకొండు గడులు కూడి భాగిస్తే
మూడు పాయింట్ తొమ్మిది.

పెన్ను అక్కడే ఆగింది.
ఏడు!
ఆ మనిషి బడికి వెళ్లింది నాలుగేళ్లు.
మార్కులంటే ఏమిటో నేర్పింది ఈ బళ్లే,
ఆ నిచ్చెనకి ఏడే చివరి మెట్టు.
నిండా మునిగానని ఆయన చెబితే
నడుంలోతని రాసుకొచ్చాను.

ఆదివారం లెముయ్ పడవెక్కాను.
నియమాల్లో లేదు, అయినా.
ఆయన వంటింట్లో ఆలుగడ్డల తొక్క తీస్తున్నాడు,
ఎడమ చేతిని బల్ల మీద ఆనించి, వస్తువులా.
"దొన్ రొసామెల్, ఆ కొలత పది దాకా ఉంది."
"పదంటే?"
"మనిషి ఊహించగలిగినంతలో అన్నిటికన్నా పెద్ద నొప్పి."
చాలాసేపు మాట లేదు. కత్తి మాత్రం ఆగలేదు.
"మా తమ్ముడు బెలార్మినో గాలిగొట్టాన్ని
పడవ పంకా కోసేసింది, డెబ్బై తొమ్మిదిలో.
తాడు లాగింది నేనే.
తేలిగ్గా వచ్చేసింది తాడు.
పదిని దానికి ఉంచు."
తొక్క తెగకుండా పొడుగ్గా నేల మీదికి జారింది.
"ఈ భుజానికి నాలుగు చాలు.
నాలుగంటే పాసే కదా!"
నవ్వాడు. నాకు రెండు ఆలుగడ్డలు పెట్టాడు,
ఉప్పు ఎక్కువైంది, తిన్నాను.

ఇప్పుడు నా దగ్గర రెండు అంకెలు.
రెండూ ఆయన నోటివే.
గడి ఒక్కటే.
దాని కింద 'ఇతర వివరాలు' అని సన్నటి గీత ఉంది.
లెక్కలు కట్టే యంత్రం ఆ వీధికి రాదని
ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.
అక్కడ తాడు గురించి రాశాను,
చిన్న అక్షరాలతో, గీత నిండి, అంచు నిండి,
కాగితం తిప్పి వెనకవైపు.
అంకె ఇంకా వెయ్యలేదు.

యస్నాదీ తేల్చలేదు.
రేపు పొద్దున గొడుగు దులుపుకుంటూ
గుమ్మంలో నిలబడుతుంది,
ఎంతొచ్చింది అంటుంది.
కళ్లలోకి చూసి చెప్పాలి.
కిటికీ వైపు తిరుగుతానేమో.